అమ్మ ఆపిన చోటు

హఫీజ్‌పేట్,
4 జూలై 1970

అక్కయ్యకు బాల నమస్కారాలతో,

నీ కార్డు అందింది. కార్డు మీద ఇంటి సంగతులు రాయవద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఇక్కడ టపా సంచీ ముందు స్టేషనులో దిగుతుంది. తరువాత ఎన్ని చేతులు మారుతుందో ఎవరికి తెలుసు? బావగారి మోకాళ్ళ నొప్పుల సంగతి ఈపాటికి ఊరంతా చదువుకుని ఉంటుంది. ఇక మీదట కవరే వెయ్యి.

మేం బాగున్నామనే రాయాలి. ఆయనకు ఈ వారం స్టేషనులో రాత్రి డ్యూటీ. స్టేషను బావి నీళ్ళు ఎప్పటిలాగే ఉప్పన. కందిపప్పు ముందుగా నానబెట్టినా పలుకు విరగడం లేదు. ఊళ్ళో తియ్యటి నీళ్ళ బావి ఉంది కాని, అక్కడికి వెళ్ళి నీళ్ళడగడం నేను నిరుడే మానుకున్నాను. ఎందుకో నీకు తెలుసు.

కనకం ఐదో తరగతికి వచ్చింది. బళ్ళోకి కొత్త మాస్టారు వచ్చాడు, రామచంద్రం అని. ఇటువైపు మనిషే. కొత్తగూడ నుంచి సైకిలు మీద వస్తాడు. వచ్చీ రాగానే ఒక ఇనప ట్రంకు నిండా విద్యాశాఖ ఇచ్చిన కథల పుస్తకాలు తెచ్చి బళ్ళో పెట్టి, ఇదే మన గ్రంథాలయం అన్నాడట. పుస్తకాలంటే నాకు కోపమేమీ లేదు. అనుమానమంతా వాటి వెనక ఉన్న పద్ధతి మీద.

విను. శనివారం ప్రతి పిల్లా ఒక పుస్తకం ఇంటికి తేవాలి. ఇంట్లో ఎవరో ఒక పెద్దవాళ్ళ ఎదుట కూర్చుని పైకి చదవాలి. వినేవాళ్ళు ఎక్కడో ఒక చోట ఆపుతారు కదా, ఇదేమిటి, వాడలా ఎందుకు చేశాడు అని? సోమవారం మాస్టారు కథ అడగడు. ‘మీ ఇంట్ల ఎక్కడ ఆపిన్రు? ఏమన్నరు?’ అని అడుగుతాడు. పిల్లలు లేచి నిలబడి ఇంట్లో వాళ్ళన్న మాట అన్నట్టే అప్పచెప్పాలి. అందులో కొన్ని ఏరి, బడి అరుగు మీద గోడకు నల్లరంగు పూసిన చోట సుద్దముక్కతో రాస్తాడు. ఎవరింటి మాటో పేరుతో సహా. మొన్న ఒక నాయనమ్మ, రాజుగారు యుద్ధానికి పోతే ఆయన అన్నం ఎవరు వండిపెట్టారని అడిగిందట. కనకం పడీ పడీ నవ్వుతూ చెప్పింది. నాకు నవ్వు రాలేదు.

కథ వచ్చిందో లేదో చూడాలంటే కథే అడగవచ్చు. ఇంట్లో ఏమన్నారో ఎందుకు? నాయనమ్మలను అడ్డం పెట్టుకుని పిల్లల చేత ఇంటి మాటలు మోయిస్తున్నాడని నా అనుమానం. మనలాంటి బయటివాళ్ళు తలుపులు వేసుకుని ఏం మాట్లాడుకుంటారో తెలుసుకోవడానికి ఇంతకంటే సులువైన దారి ఉందా? ఈ మాట ఆయనతో అంటే, ‘నీ అనుమానాలకు ఎప్పుడూ లైన్ క్లియరే’ అని స్టేషను మాస్టరు భాషలో అనేసి తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

పనిలో పని, కిందటిసారి నువ్వు పంపిన ఆవకాయ జాడీకి గుడ్డ వదులుగా కట్టావు. నూనె కారింది.

నీ చెల్లెలు,
బాల


తెనాలి,
11 జూలై 1970

బాలకు అక్కయ్య ఆశీస్సులు.

ఇదిగో, కవరే వేశాను. జిగురు చాలదని అన్నం మెతుకుతో కూడా అంటించాను. సరేనా?

నీ ఉత్తరం బావగారికి చదివి వినిపించాను. ఆయన పడక కుర్చీలోంచి లేచి కూర్చున్నారు. మరిది నవ్వుతాడు కాని, కాచిగూడలో ఉండి చూసిన వాళ్ళం మేం. నిరుడు ప్రత్యేక తెలంగాణ గొడవల రోజుల్లో మా మీద రాయి పడక ముందు ఏం జరిగింది? ఎదురింటి పిల్ల వచ్చి ‘అత్తమ్మా, మామ ఏ ఆఫీసుల చేస్తడు, ఎన్నింటికి ఒస్తడు’ అని ముద్దుగా అడిగింది. జంతిక చేతిలో పెట్టి మరీ చెప్పాను. వారం తిరగకుండా కిటికీ అద్దం పగిలింది. ఆ పిల్ల అడగడానికీ రాయి పడడానికీ సంబంధం ఉందని ఎవరూ రుజువు చెయ్యలేదు. లేదని కూడా ఎవరూ చెయ్యలేదు.

ఉద్యోగాలన్నీ మనవాళ్ళే పట్టుకుపోతున్నారని వాళ్ళ కడుపుమంట. కాదనను. కాని ఆ మంట వంటింటి గుమ్మం దాకా రాకూడదు కదా. కనకం ఎదుట ఊరి మాట ఎత్తకు. అది పుస్తకం చదువుతుంటే నోరు మూసుకుని విను. ఎక్కడా ఆపకు.

కుదరకపోతే పిల్లను ఇక్కడికి పంపెయ్యి. మా వీధి చివరే ఆడపిల్లల బడి. మా ఇంట్లో దాన్ని చూసుకోవడానికి నేను లేనా?

ఆవకాయ నూనె సంగతి: గుడ్డ గట్టిగానే కట్టాను. మీ రైలువాళ్ళే బోర్లించి ఉంటారు.

పద్మావతి అక్కయ్య


హఫీజ్‌పేట్,
20 జూలై 1970

అక్కయ్యా,

నీ ఉత్తరం నాలుగు రోజుల ముందు వచ్చి ఉంటే బాగుండేది. అప్పటికే ఆపకూడని చోట ఆపాను.

కనకం తెచ్చిన పుస్తకంలో ఒక బాటసారి కథ ఉంది. మండుటెండలో నడిచి నడిచి ఒక ఊరు చేరతాడు. ఒక వర్తకుడి వాకిట్లో నిలబడి గుక్కెడు నీళ్ళు అడుగుతాడు. వర్తకుడు కిటికీలోంచి చూసి తలుపు వేసుకుంటాడు. తరువాత ఆ బాటసారే రాజుగారికి మంత్రి అవుతాడు. వర్తకుడి ఇల్లూ అంగడీ లాక్కుని ఊరి నుంచి వెళ్ళగొడతాడు. అంతే కథ.

నేను బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. తలుపు వేసుకున్న చోటు రాగానే నాకు నిరుడు మే నెల కళ్ళ ముందుకు వచ్చింది. ఆయన ఛార్జి తీసుకోవడానికి స్టేషను గదిలోకి వెళ్ళారు. క్వార్టరుకు తాళం. బావికి చేంతాడు లేదు. ఎండకు కనకం కళ్ళు తేలేస్తోంది. దాన్ని పట్టుకుని ఎదురుగా కనపడ్డ మొదటి ఇంటికి వెళ్ళాను. గుమ్మానికి పచ్చటి మండలు కట్టుకుని ఏదో పండగ చేసుకుంటున్నారు. మడీ ఆచారం అన్నీ మరచిపోయి, పిల్లకు కాసిని నీళ్ళు ఇమ్మని అడిగాను. ఒకావిడ లోపలినుంచి మమ్మల్ని చూసి, మాట కూడా ఆడకుండా తలుపు వేసుకుంది. ఆవిడ పోచమ్మ. ఇక్కడి రైలు గేటు కాసే మొగిలికి తల్లి. ఈ ఏడాదిలో రోజూ ఎదురుపడుతూనే ఉన్నాను. ఒక్కసారి పలకరించలేదు. నేనూ అంతే.

శిక్ష చోటుకు వచ్చేసరికి ఆపుకోలేక, ‘దాహమన్నవాడికి నీళ్ళివ్వని వాడికి ఆ శిక్ష చాలదు, ఈ తట్టు మనుషులంతా ఆ వర్తకుడి లాంటివాళ్ళే’ అన్నాను. కనకం ఒక్క క్షణం నా వైపు చూసి మళ్ళీ చదువుకుంది. సోమవారం సాయంత్రం వచ్చి, ‘అమ్మా, నువ్వు ఆపిన చోటు గోడ మీద రాశారు’ అని సంబరంగా చెప్పింది. ఏం రాశారే అంటే, ‘నువ్వన్నదే’ అంది.

ఆ మాట విన్న దగ్గరనుంచి నాకు అన్నం సహించడం లేదు. బడి వైపు వెళ్ళి చూడ్డానికి కాళ్ళు రావు. సరుకులు సర్దినట్టు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తున్నాను. పాలు పోసే ఐలయ్య కొలిచి పోసి, నా ముఖం వైపు చూడకుండా వెళ్ళిపోతున్నాడు. మొగిలి ఇదివరకు నేను గేటు దాటితే చెయ్యెత్తి దండం పెట్టేవాడు. ఇప్పుడు సాయంత్రం పూట గుడిసె వైపు తిరిగి కూర్చుంటాడు, నేను దగ్గినా ఇటు తిరగడు. పోచమ్మ మనవరాలు నీలమ్మ కనకం తరగతే. ముక్కు మీద అమ్మవారి మచ్చలున్న పిల్ల. ఈ శనివారం పనిగట్టుకుని మా కనకం తెచ్చిన పుస్తకమే వాళ్ళింటికి తీసుకెళ్ళిందట. నాయనమ్మ అదే కావాలని పట్టుబట్టిందట. అక్షరం ముక్క రాని మనిషికి సరిగ్గా ఆ పుస్తకమే ఎందుకు కావలసి వచ్చింది?

ఆయనతో చెబితే భయపడతారని చెప్పలేదు. నిజం చెప్పాలంటే, నవ్వుతారని చెప్పలేదు.

బాల


తెనాలి,
27 జూలై 1970

బాలా,

నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. మళ్ళీ ఆపావా? చిన్నప్పుడు హరికథలో కూడా నువ్వు ఇంతే. దాసుగారిని ఆపి ప్రశ్నలు వేస్తే నాన్నగారు మనిద్దరినీ లేవదీసుకుని ఇంటికి తెచ్చారు.

కంగారు పడకు. బావగారు ఊరుకోలేదు. విద్యాశాఖలో ఆయనతో పాటు పనిచేసిన స్నేహితుడు అక్కడే ఉన్నాడు. ఆయనకు అన్నీ వివరంగా రాశారు. నీ పేరు ఎక్కడా పెట్టలేదు. ఒక తల్లి ఆవేదన అని మాత్రమే రాశారు. ఇనస్పెక్టరు వచ్చి చూస్తాడు. ఆ మాస్టారిని ఇంకెక్కడికైనా వేస్తారు. పెట్టె మూసేస్తారు.

ఇంకో మాట. ఆగస్టు నెలాఖరు ఆదివారం బావగారు వచ్చి కనకాన్ని తీసుకువస్తారు. మరిదికి నేను వేరే ఉత్తరం రాస్తున్నాను. గౌన్లు రెండు చాలు, ఇక్కడ కుట్టిస్తాను. దాని మంచం కూడా కిటికీ పక్కన వేయించాను.

అంతవరకు ఎవరేం పెట్టినా తినకు, తాగకు.

అక్కయ్య


హఫీజ్‌పేట్,
6 ఆగస్టు 1970

అక్కయ్యా,

బావగారు నాతో ఒక్క మాట అనకుండా పై వాళ్ళకు రాయడం నాకు బాగా అనిపించలేదు. అయినా రాసేశారు కాబట్టి ఊరుకుంటున్నాను. ఇప్పుడు నా బుర్రలో వేరే సంగతి తిరుగుతోంది.

కిందటి వారం నుంచి తెల్లవారి తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఒక కొత్త కుండ ఉంటోంది. నిండా నీళ్ళు. పైన ఉతికిన గుడ్డ కప్పి, కుండ మెడకు వేప రెమ్మ చుట్టి ఉంటోంది. ఎవరు పెట్టారో చెప్పరు. బోనాల రోజులు కదా, ఏదో మొక్కు అనుకుందామంటే, మొక్కు అమ్మవారి గుడి దగ్గర చెల్లిస్తారు కాని స్టేషను క్వార్టరు ముందు పెట్టరు. నీళ్ళు, వేప, పలకకుండా పెట్టి పోవడం. ఇంకేం కావాలి? చేతబడి కాక మరేమిటి?

మొదటి రోజు చీపురు పుల్లతో కుండను పక్కకు నెట్టాను. పట్టాల అవతల పారబొయ్యమని మొగిలికి చెప్పాను. వాడు కుండను చూశాడు, నన్ను చూశాడు. ‘గీ నీళ్ళు పారబోసుడేందమ్మా, గివి తియ్యటి నీళ్ళు’ అన్నాడు. పొయ్యమన్నానా లేదా అన్నాను. పోశాడు. కుండ మాత్రం ఖాళీగా తెచ్చి అరుగు మీద బోర్లించాడు. మర్నాడు తెల్లవారేసరికి అదే కుండ, మళ్ళీ నిండుగా, కొత్త వేప రెమ్మతో!

ఇప్పుడు రోజూ నేనే గుమ్మరిస్తున్నాను. నిన్న గుమ్మరిస్తుంటే చింతచెట్టు కింద పోచమ్మ నిలబడి చూస్తోంది. కోపంగా చూస్తే నాకు ధైర్యం వచ్చేది. కోపంగా లేదు. అదే నాకు మరీ భయమేసింది.

కుండలే కాదు. మొన్న కనకం సంచీలో నాలుగు మక్క కంకులు. ‘నీలమ్మ నాయనమ్మ మీ అమ్మకు ఇయ్యమన్నది’ అంటుంది. పాల ఐలయ్య గేదెకు వేయించాను. గేదె బాగానే ఉంది, కాని గేదెకు పట్టనివి మనకు పట్టవచ్చు.

తెనాలి ప్రయాణం సంగతి చెప్పాను. కనకం ఏడవలేదు. ‘అక్కడి బళ్ళో ఎక్కడ ఆపారో అడుగుతారా?’ అంది. అడగరు, అక్కడ మర్యాదగా చదువు చెబుతారు అన్నాను. అప్పుడు ఏడ్చింది. శనివారం పుస్తకం తెచ్చుకుంది కాని నా ఎదుట చదవలేదు. పెరట్లో తులసికోటకు చదివి వినిపించింది. నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడి విన్నాను. తులసికోట ఎక్కడా ఆపలేదు. రెండు చోట్ల నేను ఆపవలసింది. నోరు నొక్కుకున్నాను.

ఆయన దానికి పెట్టె సర్దడానికి ఒప్పుకున్నారు. ‘నీ మనసు కుదుటపడుతుందంటే సరే’ అన్నారు. నవ్వలేదు. ఆయన నవ్వకపోయేసరికి ఇల్లు బోసిపోయినట్టుంది.

బాల


తెనాలి,
12 ఆగస్టు 1970

బాలా,

కుండను చేత్తో ముట్టుకోకు. చీపురుతో కూడా వద్దు, ఆ చీపురు మళ్ళీ ఇంట్లోకి తెస్తావు. గుమ్మం ముందు పసుపునీళ్ళు చల్లు.

ఇనస్పెక్టరు ఇరవయ్యో తేదీ, గురువారం వస్తున్నాడని బావగారి స్నేహితుడు రాశాడు. తల్లిదండ్రులను కూడా పిలుస్తారట. నువ్వు వెళ్ళు. వెనక నిలబడకు. ఈ ఉత్తరాల్లో నాకు రాసినంత స్పష్టంగా అక్కడ చెప్పు. ఒక్కరు నోరు విప్పితే పని అయిపోతుంది.

పిల్లకు బడి మార్పు కాగితం ఆ రోజే తీసుకో.

అక్కయ్య


హఫీజ్‌పేట్,
21 ఆగస్టు 1970

అక్కయ్యకు,

బావగారిని బయలుదేరవద్దని చెప్పు. ఈ ఒక్క వాక్యం ముందు చదివి వినిపించి, మిగిలింది నువ్వు ఒంటరిగా చదువుకో. ఈ ఉత్తరం ఆయనకు వినిపించవద్దు. ఎందుకో చివరికి నీకే తెలుస్తుంది.

నిన్న వెళ్ళాను. నువ్వన్నట్టే ముందే నిలబడ్డాను. అరుగు మీద ఇనస్పెక్టరుగారికి కుర్చీ వేశారు. పక్కన ట్రంకు పెట్టె తెరిచి పెట్టారు. కింద ఊరి ఆడవాళ్ళు చాలామంది. ఇంతమంది ఎందుకు వచ్చారా అని నాకు గుండె జారింది. ఇనస్పెక్టరుగారు జేబులోంచి ఒక కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. ‘నాయనమ్మలను అడ్డం పెట్టుకుని పిల్లల చేత ఇంటి మాటలు మోయిస్తున్నాడు.’

అక్కయ్యా, ఆ మాట ఎవరిది? ఒక్క అక్షరం మార్చకుండా నీకు నేను రాసింది. కవరులో వేసి, అంటించి, ఎవరి కంటా పడకూడదని పంపింది. దాన్ని ఊరంతా నిలబడి వింటోంది. మాస్టారు నా ఇంటి మాటలు మోయిస్తున్నాడని ఒకటిన్నర నెలల నుంచి హడలిపోతున్నాను. మోసింది బడి కాదు.

ఇనస్పెక్టరుగారు అడిగారు. ‘కథ అడగకుండా ఇంట్లో ఏమన్నారో ఎందుకు అడుగుతున్నారు?’ రామచంద్రం మాస్టారు చేతులు కట్టుకుని చెప్పాడు.

‘కథ చెప్పమంటే ఒకని దగ్గర ఒకడు నేర్చుకొని చెప్తడు సార్. పుస్తకం సంచిలకెల్లి బయటికే రాదు. గదే ఇంట్ల చదివితే, ఎవరో ఒకరు అడ్డం పడ్తరు. వాళ్ళ నాయనమ్మ యాడ కొట్లాడిందో అది ఎవనిది వానికే. నకలు కొట్టరాదు. గోడ మీద పేరు పడ్డదంటే ఆ ముసలమ్మ మల్ల శనివారం దాక ఎదురుచూస్తది. చదువు రానోళ్ళు పుస్తకం కోసం ఎదురుచూసుడు నేను ఈడనే జూసిన.’

వెనకనుంచి ఎవరో, ‘మా మొగిలి అయితే గేటు ఇడిసి గుడిసెల చెవి పెడ్తుండు సారూ, బిడ్డ చదువుతుంటే’ అన్నారు. అందరూ నవ్వారు. మొగిలి ఈలోపల నా ముందే తల దించుకున్నాడు. వాడు నా వైపు తిరగకపోవడానికి కారణం అదీ! పాల ఐలయ్యను కూడా అక్కడే అడగాలనుకున్నాను, తరువాత సిగ్గేసి మానుకున్నాను.

‘మీరు స్టేషనువారా? చెప్పండమ్మా, భయపడకండి’ అన్నారు ఇనస్పెక్టరుగారు. చెప్పడానికే నోరు తెరిచాను. ఆయన తల వెనక గోడ మీద నల్లరంగు పలక కనిపించింది. ఇన్నాళ్ళూ నేను చూడ్డానికి భయపడ్డది. రెండు మాటలు పక్కపక్కనే రాసి ఉన్నాయి. సుద్ద కొంచెం చెరిగింది కాని చదవవచ్చు.

‘కనకలక్ష్మి వాళ్ళ అమ్మ ఆపిన చోటు: దాహమన్నవాడికి నీళ్ళివ్వని వాడికి ఆ శిక్ష చాలదు.’

అంతే. ఈ తట్టు మనుషుల సంగతి లేదు. పిల్ల బళ్ళో మొత్తం చెప్పింది, తరగతంతా విన్నది, కాని మాస్టారు సగమే రాశాడు. దాని పక్కన:

‘నీలమ్మ వాళ్ళ నాయనమ్మ పోచమ్మ ఆపిన చోటు: ఆ వర్తకుని వాకిట్ల యాప మండలు ఉండెనా, లేకుండెనా? పుస్తకంల రాయలే. అది తెల్వకుండ శిక్ష ఎట్ల ఏసిన్రు?’

నేను గోడ వైపే చూస్తుండడం గమనించి ఇనస్పెక్టరుగారు కూడా వెనక్కి తిరిగి చదివారు. ‘వేప మండలేమిటి?’ అన్నారు. పోచమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. ఆయనతో చెబుతున్నట్టే కాని నా వైపు చూస్తూ చెప్పింది.

‘ఇంట్ల తల్లి పోసినప్పుడు వాకిట్ల మండలు కడ్తం సారూ. ఇగ ఆ ఇంట్లకెల్లి నిప్పు బయటికి పోదు, నీళ్ళు బయటికి పోవు. ఇస్తే తీసుకున్నోళ్ళ ఇంటికి తల్లి ఎంటపోతది. నిరుడు ఎండకాలం మా నీలమ్మకు పోసింది. గప్పుడే ఎవరో రైలు దిగి ఒచ్చి నీళ్ళడిగిన్రు. ఎంట ఆడపిల్ల, నీలమ్మ అంతదే. ఆ పిల్లను జూసే తలుపేసిన. నోరిప్పి చెప్పుదునంటే, తల్లి ఇంట్ల ఉండంగ ఆమె పేరు బయటోళ్ళకు చెప్పొద్దంటరు. తర్వాత చెప్దామంటే ఆమె నన్ను జూసి మొఖం తిప్పుకునే. నా మనుమరాలు పుస్తకం చదివి, టేషనమ్మ ఏమన్నదో చెప్పినంక నాకు ఎరుకైంది, ఆమె కడుపుల ఏమున్నదో. అందుకే నీళ్ళు పెడుతున్న. యాప రెమ్మ జూస్తెనన్న యాదికొస్తదని.’

గుమ్మానికి పచ్చటి మండలు కట్టుకుని ఏదో పండగ చేసుకుంటున్నారని నీకు రాశానే. మామిడి తోరణం, వేప మండ తేడా తెలియని దాన్నా నేను? చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసినప్పుడు అమ్మ ఏం చేసింది? గుమ్మానికి వేప మండలు కట్టింది. చాకలికి గుడ్డలు కూడా వెయ్యలేదు. బిచ్చగాడికి చేతులూపి పంపేసింది. అన్నీ దగ్గరుండి చూశాను. ఆ రోజు మాత్రం రైల్లోంచే భయాన్ని మూట కట్టుకుని దిగాను. ఆకులు కనిపించాయి, ఏ చెట్టువో కనిపించలేదు.

‘ఏమ్మా, మీరు చెప్పేదేమైనా ఉందా?’ అన్నారు ఇనస్పెక్టరుగారు.

‘ఆ కాగితంలో మాటలు నావేనండి. మా అక్కయ్యకు రాసుకున్నాను. అర్జీ మాత్రం నాది కాదు. ఈ మాస్టారి మీద నాకు ఫిర్యాదు లేదు’ అన్నాను. మాస్టారు నా వైపు చూడలేదు. చూడకపోవడమే మంచిదయింది.

అయినా పెట్టెకు తాళం పడింది, అక్కయ్యా. పుస్తకాలకు పసుపు మరకలు, నూనె వేళ్ళు, ఒకదానికి అట్ట లేదు. ప్రభుత్వపు సొత్తుకు జవాబు చెప్పేదెవరు, ఇళ్ళలో సంతకం చెయ్యగల వాళ్ళే లేరు కదా అని, తాళంచెవి జేబులో వేసుకుని ఆయన వెళ్ళిపోయారు. పిల్లలెవరూ ఏడవలేదు. నీలమ్మ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడింది, అంతే. కనకం నా చెయ్యి వదిలించుకుని ఇంటి దాకా ముందు నడిచింది.

బడి మార్పు కాగితం తీసుకోలేదు.

బాల


తెనాలి,
29 ఆగస్టు 1970

బాలా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నీ మీద కోపం వచ్చింది. మేం నీ మంచికే చేశాం. ఎవరి మాటలు ఎవరు మోశారని నన్ను దెప్పుతున్నావా? సరే, ఒప్పుకుంటాను, ఉత్తరం ఆయనకు వినిపించడం వరకు నా తప్పే. ఆయన నీ మాటలే వాడతారని నాకు తెలియదు.

కాని ఒకటి ఆలోచించు. ఏడాది గడిచాక ఎవరైనా ఏమైనా చెప్పవచ్చు. వేప మండలే కట్టారని సాక్ష్యం ఏమిటి? నీళ్ళివ్వని వాళ్ళకు సాకు దొరకడం కష్టమా? నువ్వు జాలిపడి మెత్తబడ్డావు. మెత్తబడ్డ చోటే రాయి తగులుతుంది.

కిటికీ పక్కన మంచం అలాగే ఉంది. మంచం మీద ఇప్పుడు మినుములు ఆరబోశాను. కనకం ఎప్పుడు వచ్చినా తీసేస్తాను.

అక్కయ్య


హఫీజ్‌పేట్,
14 సెప్టెంబరు 1970

అక్కయ్యకు నమస్కారాలతో,

సాక్ష్యం అడిగావు. నేనే సాక్షిని. అవి వేప మండలే. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆకుల అంచులు కూడా కనిపిస్తున్నాయి. ఇక నీలమ్మ ముక్కు మీద మచ్చలు ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. అవి ఎప్పుడు పడ్డాయని ఒక్కసారి అడగలేదు. నన్ను నువ్వు నమ్మకపోయినా తప్పు పట్టను. నమ్మడం నాకూ కొత్తే.

నిన్ను దెప్పడానికి రాయలేదు. నా మాట నీ ఇల్లు దాటింది, పిల్ల మాట నా ఇల్లు దాటింది. ఒకటి తాళం తెచ్చింది, ఒకటి నీళ్ళు తెచ్చింది. అదే ఆలోచిస్తున్నాను.

పెట్టె సంగతి. సంతకం చేసేవాళ్ళు లేరన్నారు కదా. ఇనస్పెక్టరుగారికి నేనే రాశాను. ఊళ్ళోకి వెళ్ళే ప్రతి పుస్తకానికీ నేను పూచీ ఉంటాను, చిరిగితే అతికి ఇస్తాను, పోతే జవాబు చెబుతాను అని. ఆయన, అంటే మా ఆయన, చూసి, ‘ఇంత ఊరికి నువ్వు పూచీనా? పాలవాణ్ణి కూడా నమ్మవు కదే’ అన్నారు. మళ్ళీ నవ్వుతున్నారు. కింద ఆయన కూడా సంతకం పెట్టారు. పదో తేదీన తాళంచెవి వచ్చింది.

అనుమానం పోయిందనుకోకు. పుస్తకాలన్నిటికీ పాత న్యూస్‌పేపరు అట్టలు వేశాను. నూనె చేతులతో ముట్టుకుంటే ఊరుకోనని ప్రతి పిల్లకూ చెప్పాను. ఐలయ్య ఇంటికి వెళ్ళిన పుస్తకానికి పేడ అంటి వచ్చింది. అడిగితే, ‘బర్రె ముందట కూసుండి చదివిందమ్మా బిడ్డ, పాలు పితుకుతుంటే నేను ఇనాలె గద’ అన్నాడు. కసిరాను. పాలు ఎందుకు తక్కువ కొలుస్తున్నావని అడగబోయి, కథ ఎలా ఉందని అడిగాను. వాడు ఇరవై నిమిషాలు నన్ను వదలలేదు.

నిన్న సాయంత్రం పోచమ్మ మా అరుగు మీదికి వచ్చింది, మనవరాలితో. బాటసారి పుస్తకమే మళ్ళీ చదవమంది. ఈసారి నన్నే చదవమంది. ‘పోరగాండ్లు ఉరుకుతరు. నువ్వు జర నిమ్మళంగ చదువు’ అంది. అరుగు మీద కుండ ఉంది. కుండ నీళ్ళతో కందిపప్పు ఇప్పుడు మెత్తగా ఉడుకుతోందని చెప్పాను. ‘మరి గుమ్మరిస్తివి గదనే’ అంది. నవ్వాలో లేదో తెలియలేదు. ఆవిడే నవ్వింది.

చదివాను. బాటసారి వాకిట్లో నిలబడ్డాడు. వర్తకుడు కిటికీలోంచి చూశాడు. తలుపు వేసుకున్నాడు. అక్కడ ఆవిడ ఆపుతుందని తెలిసి నేనే ఆగాను.

వేప మండల మాట ఎత్తలేదు. కాసేపు కనకం వైపు చూసింది. తరువాత నన్ను అడిగింది.

‘ఆ నాడు, నేను తలుపేసినంక, ఈ పిల్లకు నీళ్ళు యాడనన్న దొరికినయా?’

దొరికాయని చెప్పాను. గూడ్సు బండి ఒకటి ఆగితే డ్రైవరు తన సీసాలోంచి పోశాడని చెప్పాను. ఏడాది నుంచీ నన్నెవరూ ఆ మాట అడగలేదక్కయ్యా. నీకు చెప్పినప్పుడు నువ్వు కూడా అడగలేదు. నేను తలుపు గురించే చెప్పాను, నువ్వు తలుపు గురించే విన్నావు.

పోచమ్మ తల ఊపి, గోడకు చేరబడింది. ‘ఇగ చదువు’ అంది.

నీ చెల్లెలు,
బాల